ఇంక్‌స్కేప్: సేవ్ నొక్కాక ఏం మిగులుతుందో చూసి రాసిన రివ్యూ

డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి రివ్యూ రాసేవాళ్లు ఎక్కువగా టూల్స్ గురించే రాస్తారు. కొత్త బ్రష్ వచ్చింది, ఫలానా మెనూ ఎడమ నుంచి కుడికి జరిగింది, డార్క్ థీమ్ కంటికి హాయిగా ఉంది, ఇలా. నేను మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌నైనా, ఇంక్‌స్కేప్ అనే ఈ ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌నైనా, అది వదిలిపెట్టే ఫైల్‌ని బట్టి తూస్తాను. చాదస్తం అనుకున్నా ఫర్వాలేదు, ఇది ఊరికే రాలేదు.

పోయిన నెలలో ఒక పాత క్లయింట్ ఫోన్ చేశారు. ఇరవై ఏళ్ల కిందట వాళ్ల సంస్థకి లోగో చేసిచ్చాను. రెక్కలు విప్పిన పక్షి, రెక్కకి ఏడేసి ఈకలు, కింద ఒక వరుస అక్షరాలు. ఇప్పుడు గోడంత బోర్డు పెట్టిస్తున్నారట. "మేడమ్, మీ దగ్గర ఒరిజినల్ ఉంటుంది కదండీ, అది పంపేయండి చాలు" అన్నారు, పక్కింటివాళ్లని గొడుగు అడిగినంత తేలిగ్గా.

ఒరిజినల్ ఉంది, సీడీలో. సీడీ చదివే డ్రైవ్ మాత్రం నా కంప్యూటర్‌కి లేదు, అరువు తెచ్చుకున్నాను. లోగో పేరుతో అందులో మూడు ఫైళ్లున్నాయి. మొదటిది అప్పట్లో నేను వాడిన సాఫ్ట్‌వేర్ సొంత ఫార్మాట్. దాని పేరు ఇక్కడ అనవసరం. ఇప్పుడు దాన్ని ఎవరూ అమ్మరు, కొత్త కంప్యూటర్ల మీద ఎక్కదు. ఆ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే, దీన్ని దేనితో తెరవాలో చెప్పమని కంప్యూటర్ నన్నే అడిగింది. రెండోది 400 పిక్సెళ్ల వెడల్పున్న జేపీజీ. మూడోది, అప్పట్లో ప్రెస్‌ వాళ్లు అడిగారని విసుక్కుంటూ ఎక్స్‌పోర్ట్ చేసిన ఈపీఎస్, అంటే అచ్చుకి పంపే ఫార్మాట్.

ప్రాణంగా దాచుకున్న మొదటి ఫైల్ బూడిదైంది. విసుక్కుంటూ చేసిన మూడోది ఆదుకుంది. దాన్ని మళ్లీ పనిలోకి తెచ్చింది ఇంక్‌స్కేప్. ఏళ్ల తరబడి వాడుతూ కూడా దీని గురించి ఒక్క ముక్క రాయలేదు, ఇప్పుడు రాయకపోతే విశ్వాసం లేనట్టు.

ముందు బద్ధకం కొద్దీ జేపీజీతోనే పని కానిచ్చేద్దామనుకున్నాను. ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ అని ఒకటుంది. చుక్కల బొమ్మ ఇస్తే దాని అంచుల వెంబడి గీతలు గీసిపెడుతుంది. లోపల పనిచేసేది పీటర్ సెలింగర్ రాసిన పోట్రేస్. సంతకమో, నల్లటి ముద్రో, శుభ్రంగా స్కాన్ చేసిన బొమ్మో ఇచ్చి చూడండి, ముచ్చటేస్తుంది. నేనిచ్చిన బొమ్మ శుభ్రమైనది కాదు. జేపీజీ బొమ్మని 8 పిక్సెళ్లు బై 8 పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిలో కంటికి ఆనని సన్నని తేడాల్ని పారేసి సైజు తగ్గిస్తుంది. ఫోటోలో అది తెలియదు. పదునైన అంచులున్న లోగోలో మాత్రం అంచు పక్కన చీమలు పాకినట్టు మరకలు తేలతాయి. జూమ్ చేసి చూస్తే నా పక్షి ఈకల చుట్టూ అవే చీమలు. ట్రేస్ వాటిని కూడా ఎంతో శ్రద్ధగా గీసింది. ఒక్క ఈకకి అరవై పైచిలుకు నోడ్‌లు, అంటే గీతని పట్టి ఉంచే చుక్కలు, వచ్చాయి. చేత్తో గీస్తే నాలుగు చాలు. మనం ఏమిస్తే దాన్నే గీస్తుంది, దాన్ని అని లాభం లేదు.

ఇక ఈపీఎస్. ముందు దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. తెలియని ఫైల్ చేతికొస్తే నేను మొదట చేసేది ఇదే. లోపల చదవగలిగే అక్షరాలుంటే సగం ధైర్యం. మొదటి వరుసలో శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం, ఆ వెంటనే పీఎస్, అడోబ్ అని కనిపించాయి. ప్రాణం లేచొచ్చింది. లోపల ఉన్నది పోస్ట్‌స్క్రిప్ట్ అన్నమాట. జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ 1982లో పెట్టిన అడోబ్ 1984లో బయటికి తెచ్చిన భాష అది. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటర్‌లో కూర్చుంది. అదే ఏడాది ఆల్డస్ పేజ్‌మేకర్ తోడయింది. టేబుల్ మీది కంప్యూటర్‌తో పేజీ చేసి అచ్చుకి పంపే పని అక్కడే ఊపందుకుంది.

ఆ భాషలో బొమ్మంటే చుక్కల పోగు కాదు, కలానికి వరసగా ఇచ్చే ఆజ్ఞలు. మూవ్‌టూ అంటే కలం ఎత్తి ఫలానా చోట పెట్టు. లైన్‌టూ అంటే అక్కడి నుంచి గీత లాగు. కర్వ్‌టూ అంటే ఈ రెండు హ్యాండిల్స్ (వంపుని లాగే పిడులు) ఎటు లాగితే అటు వంగుతూ వెళ్లు. క్లోజ్‌పాత్ అంటే మొదలుపెట్టిన చోటికి వచ్చి కలుపు. నా పక్షి మొత్తం, పద్నాలుగు ఈకలతో సహా, ఆ ఫైల్‌లో ఆజ్ఞలుగా పడుకుని ఉంది. ఏ సాఫ్ట్‌వేర్‌తో గీశానో ఆ ఆజ్ఞలకి పట్టదు. అందుకే బతికాయి.

ఇంకో చిన్న విషయం చెప్పాలి. రెక్క చివర ఒక నారింజ రంగు ఉండాలి. సరిగ్గా ఏ నారింజో నాకు గుర్తులేదు. జేపీజీలో రంగు పట్టే డ్రాపర్ టూల్‌తో పట్టుకుంటే ఒక్కో పిక్సెల్ ఒక్కో రంగు చెబుతోంది. ఈపీఎస్‌లో నాలుగు అచ్చు సిరాల పాళ్లు చెప్పే సెట్‌సీఎంవైకేకలర్ అన్న మాట కోసం వెతికాను. దాని ముందు నాలుగు అంకెలు: 0, 0.6, 1, 0. సయాన్ లేదు, మెజెంటా అరవై శాతం, పసుపు పూర్తిగా, నలుపు లేదు. ఇరవై ఏళ్ల కిందటి నేను, ఇప్పటి నాకు చీటీ రాసి పెట్టినట్టు అనిపించింది.

ఈపీఎస్‌ని ఇంక్‌స్కేప్ నేరుగా తెరవలేదు. ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో ఉండాలి, ఆజ్ఞల్ని చదివి అందించేది అదే. అది లేకపోతే ఫైల్ పాడైపోయిందేమో అని అనవసరంగా టెన్షన్ పడతారు. తెరుచుకున్నాక గ్రూపులో గ్రూపు, దానిలో ఇంకో గ్రూపు, చుట్టూ కత్తిరింపు చట్రంలా ఒక క్లిప్. కంట్రోల్, షిఫ్ట్, జీ కలిపి నాలుగైదుసార్లు నొక్కి పొరలన్నీ ఒలిచాక పక్షి బయటపడింది. నోడ్ టూల్‌తో ఒక ఈక మీద క్లిక్ చేస్తే సరిగ్గా నాలుగు నోడ్‌లు, ఎనిమిది హ్యాండిల్స్. నా చేతి గీతే. కుడి రెక్క మూడో ఈక కొంచెం లావు, అప్పుడే దిద్దాల్సింది, దిద్దలేదు. ఇప్పుడు దిద్దాను.

సేవ్ చేశాను, ఎస్‌వీజీగా, అంటే వెబ్ కోసం పుట్టిన గీతల బొమ్మల ఫార్మాట్‌లో. అలవాటు ప్రకారం దాన్నీ నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. పాత్ అని ఒక మాట, దాని పక్కన డి అని, ఆ తర్వాత కొటేషన్ గుర్తుల మధ్య ఒక పొడుగాటి వరుస. ఎం, రెండు అంకెలు. సి, ఆరు అంకెలు. మళ్లీ ఆరు అంకెలు. చివర జడ్. ఎం అంటే మూవ్, ఎల్ అంటే లైన్, సి అంటే కర్వ్, జడ్ అంటే మూసెయ్. పీడీఎఫ్ లోపల చూసినా ఎం, ఎల్, సి అనే అక్షరాలే, కాకపోతే చిన్నబడి అక్షరాల్లో. 1984 నాటి కలం 1993లో పీడీఎఫ్‌లోకి, 2001లో ఎస్‌వీజీలోకి చేయి మారిందంతే. ఒక్క చోట తిరకాసు ఉంది. పోస్ట్‌స్క్రిప్ట్ కాగితానికి కింది ఎడమ మూల నుంచి పైకి కొలుస్తుంది. ఎస్‌వీజీ పై ఎడమ మూల నుంచి కిందికి కొలుస్తుంది. ఇంక్‌స్కేప్ చాలా ఏళ్లు ఫైల్‌లో ఒకలా రాస్తూ తెర మీద మాత్రం కింది నుంచి పైకే చూపించింది. 2020లో 1.0 వచ్చినప్పుడు గానీ ఆ రెండిటినీ ఒకటి చెయ్యలేదు. పాత అలవాటు వదలలేని వాళ్లకి సెట్టింగ్స్‌లో వెనక్కి తిప్పుకునే దారి ఉంచారు. నేను తిప్పుకోలేదు. ఫైల్‌లో ఉన్న అంకే తెర మీద కనిపించాలి, నాకు అదే మర్యాద.

ఎస్‌వీజీ పుట్టిన కథ కూడా సరదాగా ఉంటుంది. 1998లో వెబ్ కోసం గీతల బొమ్మల ఫార్మాట్ కావాలనుకున్నప్పుడు అడోబ్, ఐబీఎం, నెట్‌స్కేప్, సన్ కలిసి పీజీఎంఎల్ అని ఒకటి పట్టుకొచ్చాయి. మైక్రోసాఫ్ట్, మాక్రోమీడియా తదితరులు వీఎంఎల్ అని ఇంకొకటి తెచ్చారు. వెబ్ ప్రమాణాలు ఖాయం చేసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఇటూ అటూ కాకుండా మూడోది తయారుచేయించింది. 2001 సెప్టెంబర్‌లో ఎస్‌వీజీ 1.0 ఖాయమైంది. ఖాయమైనంత మాత్రాన ఏం జరగలేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దాన్ని సొంతంగా చూపించింది 2011లో, తొమ్మిదో వెర్షన్‌లో. ఆ పదేళ్లూ ఎస్‌వీజీ పేరెత్తితే నవ్వేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో మీరు చూసే చిన్న చిన్న ఐకాన్లలో ఎన్నో అవే.

ఆ ఎదురుచూపుల కాలంలోనే ఇంక్‌స్కేప్ పుట్టింది. రాఫ్ లెవియన్ మొదలుపెట్టిన జిల్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి లౌరిస్ కప్లిన్స్కీ సోడిపోడి చేశాడు. 2003లో సోడిపోడి మీద పనిచేస్తున్న కొందరు వేరుపడి ఇంక్‌స్కేప్ పెట్టుకున్నారు. ఎస్‌వీజీని అక్షరాలా పాటించే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ కావాలన్నది వాళ్ల పట్టు. తమాషా ఏమిటంటే, ఇవాళ మీరు ఇంక్‌స్కేప్‌లో ఒక గీత గీసి సేవ్ చేసి చూసినా లోపల సోడిపోడి అన్న మాట కనిపిస్తుంది. ఏ నోడ్ మొనదేలింది, ఏ నోడ్ నున్నగా ఉంది అనే సంగతి ఆ పేరు కిందే రాసుకుంటుంది. వేరుకాపురం పెట్టి ఇరవై ఏళ్లు దాటినా ఇంటిపేరు మారలేదు.

ఇలా సొంత సంగతులు పక్కన రాసుకోవడంలోనే ఇంక్‌స్కేప్ తెలివంతా ఉంది. ఉదాహరణకి లైవ్ పాత్ ఎఫెక్ట్స్. ఒక మామూలు గీతకి మూలలు గుండ్రంగా తిప్పే ఎఫెక్ట్ పెట్టాననుకోండి. ఫైల్‌లో డి కింద గుండ్రటి మూలల గీత ఉంటుంది, దాని పక్కనే ఒరిజినల్ డి అని అసలు గీత కూడా ఉంటుంది. బ్రౌజర్ మొదటిది మాత్రమే చదువుకుని బొమ్మ వేసేస్తుంది, రెండోదాన్ని పట్టించుకోదు. ఇంక్‌స్కేప్ రెండూ చదివి, కావాలంటే వెనక్కి తిప్పుతుంది. మాక్రోమీడియా ఫైర్‌వర్క్స్ వాడినవాళ్లకి ఇది కొత్త కాదు. అది తన లేయర్లన్నీ పీఎన్‌జీ లోపలే దాచుకునేది, చూసేవాళ్లకి మామూలు పీఎన్‌జీలా కనిపించేది. ఇంక్‌స్కేప్ ఫైల్‌ని బయటికి పంపేటప్పుడు ఈ సొంత సామాను వద్దనుకుంటే ప్లెయిన్ ఎస్‌వీజీ అని సేవ్ చేసుకోవచ్చు. నాకు తెలిసిన ఒక కుర్రవాడు ప్లెయిన్‌ది మాత్రమే ఉంచుకుని ఇంక్‌స్కేప్‌ది డిలీట్ చేసేవాడు, సైజు తక్కువని. వారం తర్వాత మూలల వంపు మార్చమని కబురొస్తే తెలిసింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన టూల్ మాత్రం పెన్నూ కాదు, 1.3లో వచ్చిన షేప్ బిల్డరూ కాదు. షేప్ బిల్డర్ బాగుంటుంది, కాదనను. ఫైల్ లోపలి రాతని చూపించే ఎక్స్‌ఎంఎల్ ఎడిటర్ అసలు సరుకు. కంట్రోల్, షిఫ్ట్, ఎక్స్ నొక్కితే పక్కన తెరుచుకుంటుంది. మీరు బొమ్మలో ఈకని జరిపితే అక్కడ అంకెలు మారతాయి. అక్కడ అంకె మారిస్తే బొమ్మలో ఈక జరుగుతుంది. తలుపు తీసిన గడియారంలోకి చూస్తున్నట్టుంటుంది. వందల చోట్ల ఒకే రంగు మార్చాల్సి వస్తే నేను ఇంక్‌స్కేప్ తెరవను కూడా. నోట్‌ప్యాడ్‌లో ఫైండ్, రీప్లేస్. హ్యాష్ గుర్తు పక్కనున్న ఆరు అక్షరాలు వెతికి కొత్త ఆరు పెడితే అయిపోయింది. మీ సాఫ్ట్‌వేర్ ఫైల్‌తో ఈ పని చేసి చూడండి.

తెలుగులో పనిచేసేవాళ్లకి ఇంకో లాభం ఉంది. ఇంక్‌స్కేప్ అక్షరాల కూర్పుని ప్యాంగో, హార్ఫ్‌బజ్ అనే ఉచిత లైబ్రరీలకి అప్పగిస్తుంది. స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న లాంటి మాటలు కొట్టండి. మంచి యూనికోడ్ ఫాంట్ ఉంటే ఒత్తులు ఎక్కడుండాలో అక్కడే కూర్చుంటాయి. ఫైల్ లోపల అవి అక్షరాలుగానే ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో స్త్రీ అని వెతికితే దొరుకుతుంది. యూనికోడ్‌కి ముందు కాలపు ఫాంట్లతో చేసిన ఫైళ్లు తెరిచినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. అందులో తెలుగు అక్షరం తెలుగుగా ఉండదు, ఇంగ్లీషు కీల కోడ్‌లు ఉంటాయి, ఆ ఫాంట్ తొడిగితేనే తెలుగులా కనిపిస్తుంది. ఫాంట్ లేకపోతే పిచ్చిగీతలే. నా పక్షి కింది వరుస కూడా అలాంటి ఫాంట్‌తోనే చేశాను. అదృష్టం బాగుండి ఈపీఎస్ చేసేటప్పుడు అక్షరాల్ని అవుట్‌లైన్ గీతలుగా మార్చాను కాబట్టి రూపమన్నా మిగిలింది.

అయితే ఎస్‌వీజీ ఫాంట్‌ని తనతో మోసుకుపోదు. మీ ఫాంట్ ఎదుటివాళ్ల దగ్గర లేకపోతే ఇంకేదో ఫాంట్‌లో కనిపిస్తుంది. పంపేముందు ఆబ్జెక్ట్ టు పాత్ చేసి అక్షరాల్ని గీతలుగా మార్చాలి. మార్చిన మరుక్షణం అవి అక్షరాలు కావు, అక్షరాల ఆకారంలో ఉన్న బొమ్మలు. అచ్చుతప్పు దిద్దలేరు. రెండు ఫైళ్లూ ఉంచుకోండి, వేరే దారి లేదు.

ఇక్కడి దాకా పొగిడాను కదా, ఇప్పుడు అసలు ఇబ్బందులు. ఓపెన్ ఫార్మాట్ అనగానే రాయి మీద చెక్కినట్టు శాశ్వతమనుకుంటారు. అలా ఏం లేదు. 2017లో 0.92 వచ్చే వరకు ఇంక్‌స్కేప్ ఒక అంగుళాన్ని 90 పిక్సెళ్లుగా లెక్కించేది. వెబ్ ప్రమాణం 96. దానికి సరిపెట్టడానికి వీళ్లూ 96కి మారారు. పాత ఫైల్‌ని లెక్క సరిచూడకుండా తెరిస్తే 96 మిల్లీమీటర్లు ఉండాల్సిన బొమ్మ 90కి కుదించుకుపోతుంది. అందుకే పాత ఫైల్ అని అనుమానం వస్తే, ఇది తెర మీద చూసే బొమ్మా, అచ్చుకో త్రీడీ ప్రింట్‌కో వెళ్లేదా అని అడుగుతుంది. ఆ ప్రశ్న వస్తే కంగారులో ఓకే కొట్టకండి. తెర బొమ్మకి ఆరు శాతం తేడా ఎవరికీ తెలియదు. లేజర్‌తో కోసే చెక్క ముక్కకి ఆరు శాతం తేడా వస్తే ముక్క చెత్తబుట్టలోకే.

పేరాగ్రాఫ్ కథ ఇంకా ఘోరం. ఒక పెట్టెలో పట్టేలా పేరా పెట్టే పద్ధతిని ఎస్‌వీజీ 1.2 ముసాయిదా నుంచి ఇంక్‌స్కేప్ ముందే తెచ్చిపెట్టుకుంది, ఎలాగూ ఖాయమవుతుందని. ఆ ముసాయిదా ఖాయం కాలేదు. దాంతో ఆ కాలపు ఫైళ్లలో పేరా ఉన్నచోట బ్రౌజర్లలో ఖాళీగానో, నల్లటి పెట్టెగానో కనిపించేది. 1.0 నుంచి కొత్త పద్ధతికి మారింది, బ్రౌజర్‌కి అర్థమయ్యేలా ఒక నకలు కూడా పక్కన రాస్తుంది. వలలాంటి గళ్ల మీద రంగులు కలిపే మెష్ గ్రేడియంట్‌కీ ఇదే గతి పట్టింది. ఎస్‌వీజీ 2లో ఉంటుందని ఇక్కడ పెట్టారు, చివరికి అక్కడ తీసేశారు. రోజా రేకు మీద రంగు జారినట్టు వేయడానికి మెష్‌ని మించింది లేదు, కానీ ఆ ఫైల్‌ని బయటికి పంపాలంటే పీఎన్‌జీ చేసుకోవడమే క్షేమం.

రంగుల విషయంలో ప్రెస్ వాళ్లతో పనిచేసేవాళ్లు ముందే తెలుసుకోవాలి. ఎస్‌వీజీ వెబ్ బిడ్డ, దానికి తెలిసిన రంగులు తెర రంగులు. ఈపీఎస్‌లో నేను చూసిన 0, 0.6, 1, 0 అన్న నాలుగంకెలు ఇంక్‌స్కేప్‌లోకి రాగానే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడంకెలయ్యాయి. పెయింట్‌తో వేసే బోర్డుకి ఫర్వాలేదు. ఆఫ్‌సెట్ అచ్చుకి కావాలంటే నేను బొమ్మని పేజీలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లోకి తీసుకెళ్లి, అక్కడ సీఎంవైకే రంగులు పెట్టి, పీడీఎఫ్ తీస్తాను. రోజూ ఇదే పని అయితే అడోబ్ వాళ్ల ఇల్లస్ట్రేటర్ లాంటివే వాడుకోండి, ఇంక్‌స్కేప్ మీద ప్రేమతో మీ పనిని ఇబ్బంది పెట్టకండి. బ్లర్‌లు, నీడలు దండిగా ఉన్న ఫైల్ అయితే బరువుగా కదులుతుంది కూడా. ఆ సమయంలో గీతలు మాత్రమే చూపించే అవుట్‌లైన్ వ్యూలోకి మారి పని చేసుకోవాలి.

వేరేవాళ్ల ఫైళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇల్లస్ట్రేటర్ ఫైళ్లు 2000లో తొమ్మిదో వెర్షన్ నుంచి లోపల పీడీఎఫ్‌ని కూడా పెట్టుకుంటున్నాయి, కాబట్టి ఇంక్‌స్కేప్ వాటిని పీడీఎఫ్‌లా చదువుతుంది. సేవ్ చేసేటప్పుడు ఆ పీడీఎఫ్ టిక్ తీసేసినవాళ్ల ఫైల్ మాత్రం తెరిస్తే బొమ్మ బదులు, ఇందులో పీడీఎఫ్ పెట్టలేదు అని ఒక నోటీసు కనిపిస్తుంది. పంపినవాళ్లనే మళ్లీ అడగండి. కోరల్‌డ్రా ఫైళ్లు చాలావరకు తెరుచుకుంటాయి, రంగులూ ఫాంట్లూ ఒకసారి సరిచూసుకోవాలి. 2008లో ఎక్స్4 నుంచి సీడీఆర్ ఫైల్ ఒక జిప్. పేరు చివర జిప్ అని మార్చి విప్పితే లోపల చిన్న నమూనా బొమ్మ దొరుకుతుంది. అసలు డ్రాయింగ్ మాత్రం అప్పటికీ మూసిన పెట్టెలోనే ఉంటుంది. స్కెచ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ 2017లో 43వ వెర్షన్ నుంచి తన ఫైల్‌ని జిప్‌లో జేసన్ అనే మామూలు అక్షరాల ఫార్మాట్‌గా మార్చింది, అది మాత్రం నోట్‌ప్యాడ్‌లో చదువుకోవచ్చు.

బ్రౌజర్‌లో నడిచే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫిగ్మా గురించి అడుగుతారని తెలుసు. నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి అందులోనే పుట్టి పెరిగినట్టు పనిచేస్తుంది. ఇంక్‌స్కేప్ ముందు కూర్చోబెడితే గంట తర్వాత కరెంటు పోయింది. "అక్కా, ఇది తనంతట తను సేవ్ చేసుకోదా?" అని తెల్లబోయింది. ఇంక్‌స్కేప్‌లో ఆటోసేవ్ ఉంది, సెట్టింగ్స్‌లో నిమిషాలు పెట్టుకోవచ్చు, అది నేను చెప్పలేదు. నలుగురు ఒకేసారి ఒకే పేజీ మీద పనిచేయాలంటే ఫిగ్మాకి ఇంక్‌స్కేప్ పోటీయే కాదు. కానీ అక్కడ ఫైల్ అంటే ఒక లింకు. నేను ఆ అమ్మాయికి పెట్టిన నియమం ఒక్కటే: పని పూర్తయిన రోజు ఎస్‌వీజీ, పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ చేసి మన ఫోల్డర్‌లో పెట్టు. మొదట్లో విసుక్కునేది. నేను ఈపీఎస్ చేస్తూ విసుక్కున్నట్టే.

ఫార్మాట్ ఎవరి చేతిలో ఉందన్నది మాటవరసకి అడిగే ప్రశ్న కాదు. 1987లో కాంప్యుసర్వ్ అనే ఆన్‌లైన్ సేవల సంస్థ జిఫ్ అనే బొమ్మల ఫార్మాట్‌ని అందరికీ ఇచ్చింది. అందులో వాడిన ఎల్‌జడ్‌డబ్ల్యూ కుదింపు మీద యూనిసిస్‌కి పేటెంట్ ఉందని, జిఫ్ రాసే సాఫ్ట్‌వేర్లకి లైసెన్సు కావాలని 1994 చివర్లో తేలింది. అప్పటికే లోకమంతా జిఫ్‌లే. ఆ కోపంలోంచి పుట్టిందే పీఎన్‌జీ, 1996లో ప్రమాణమైంది. ఎల్‌జడ్‌డబ్ల్యూ పేటెంట్ అమెరికాలో 2003లో తీరిపోయింది, జిఫ్ పిల్లి వీడియోల కోసం మళ్లీ బతికింది, అది వేరే సంగతి.

వాడాలా వద్దా అంటే: లోగోలు, ఐకాన్లు, పటాలు, కటింగ్ మిషన్‌కి గీతలు, పుస్తకాల్లో బొమ్మలు, ఇవైతే కళ్లు మూసుకుని వాడండి. 1.2 నుంచి ఒకే ఫైల్‌లో ఎన్నో పేజీలు పెట్టుకోవచ్చు, బ్రోషర్ లాంటివి కూడా లాగించేయొచ్చు. ఒకప్పుడు పీఎన్‌జీ తప్ప వేరే బిట్‌మ్యాప్ ఎక్స్‌పోర్ట్ లేక తిట్టుకునేవాళ్లం, 1.1లో జేపీజీ, టిఫ్, వెబ్‌పీ కూడా వచ్చాయి. ఇల్లస్ట్రేటర్ నుంచి వచ్చేవాళ్లకి మొదటి వారం షార్ట్‌కట్‌లు చేతికి అడ్డం పడతాయి. సెట్టింగ్స్‌లో ఇల్లస్ట్రేటర్ కీమ్యాప్ ఉంది, పెట్టుకోండి. నాకైతే ఇప్పుడు నోడ్ టూల్ అంటే వేలు తనంతట తనే ఎన్ మీదికి పోతుంది.

పక్షిని ఎస్‌వీజీగా, పీడీఎఫ్‌గా పంపాను, ఈపీఎస్ కూడా జత చేశాను. నారింజ రంగు అంకెలు మెయిల్‌లో విడిగా రాశాను. బోర్డు చేసేవాళ్లకి ఎస్‌వీజీ ఇవ్వండి, ఎంత పెద్దది చేసినా చెదరదు అని కూడా రాశాను. అరగంటలో ఫోన్ వచ్చింది.

"మేడమ్, మీరు పంపింది నా ఫోన్‌లో తెరుచుకోవట్లేదండీ. జేపీజీ ఏమైనా ఉందా?"

ఉంది. 400 పిక్సెళ్లది కాదు, కొత్తది. తీసి పంపాను.